మూరెడు జరిగిన హద్దురాయి

ఆ ఆదివారం పొద్దున రెజీనా అనుకున్న పని చాలా చిన్నది. చర్చిలో ఆరాధన ముగిశాక ఐదు నిమిషాలు మాట్లాడి, ఇంటర్ పాసైన పిల్లల్లో నలుగురినైనా భూగర్భశాస్త్రంలో చేరమని అడగాలి. నందికొట్కూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆ పాఠం చెప్పేది ఆమె ఒక్కతే. పోయినేడు వినేవాడు కూడా ఒక్కడే, వాడూ మార్చిలో మానేశాడు. సోమవారం మధ్యాహ్నంలోగా ఎవరూ చేరకపోతే ఆ విభాగం మూసేస్తారు.

ఆమెకు నలభై ఏడేళ్లు. మద్దమ్మ ఇంట్లో మిద్దె మీది గదిలో అద్దెకుంటుంది. మద్దమ్మ రోజుకొకసారి కింది నుంచి "మోటరేసినా, నీళ్లు పట్టుకో మేడమ్!" అని అరుస్తుంది. కొన్ని రోజులైతే రెజీనాతో ఎవరైనా మాట్లాడే మాట అదొక్కటే. అందుకే ఆ ఐదు నిమిషాల ప్రసంగాన్ని గోడ ముందు నిలబడి మూడుసార్లు చెప్పుకుని మరీ బయల్దేరింది.

చర్చిలో బాగానే మొదలుపెట్టింది. భూమి లోపల ఉడికించిన గుడ్డులా పొరలుంటాయంది. పైపెంకు పగిలి ముక్కలుగా ఉందనీ, వాటిని ఫలకాలంటారనీ చెప్పింది. ముందు వరుసలో ఒక ముసలాయన ఆవులించాడు. దాంతో ఆమె కంగారుపడి, చివర్లో చెబుదామని దాచుకున్న మాటను అప్పుడే అనేసింది.

"మనం కూచున్న ఈ నేల కదలదనుకుంటాండారు కదా? ఏడాదికి ఐదు సెంటీమీటర్లు ఉత్తరం దిక్కుకు పోతాండాది."

కుడివైపు బెంచీలోంచి దావీదురాజు లేచాడు. "మేడమ్, పదకొండేండ్లకు ఎంతవుతాది?"

తనను ఒకరు ప్రశ్న అడగడమే ఆమెకు పండుగ. "యాభై ఐదు సెంటీమీటర్లు. మూరెడు పైనే!" అంది ఉత్సాహంగా.

"ఇన్నారా అందరూ! రాయిని నేను జరపలేదప్పా, భూమే జరిపింది!"

దావీదురాజుకూ, ఎడమవైపు బెంచీలో కూర్చునే యేసుప్రసాద్‌కూ పక్కపక్క చేన్లు. హద్దురాయి పాతిన పదకొండేళ్లకు, ఒక పెద్ద వాన వెలిశాక అది మూరెడు ఉత్తరంగా, అంటే యేసుప్రసాద్ చేనిలో కనబడింది. ఆనాటి నుంచి ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. రాయిని ముట్టుకుంటే కేసు పెడతానని ఒకరికొకరు కబురు పంపుకున్నారు గనుక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"పాస్టరయ్యా, సాచ్చెం చెప్పేకి ఆయన మేడమ్‌ను తెచ్చుకున్నాడు, చూడు!" అని యేసుప్రసాద్ అరిచాడు. "అది కాదండీ, నేను చెప్పేది..." అని రెజీనా అంటుండగానే పాస్టరు భయపడి పాట మొదలుపెట్టించాడు.

సాయంత్రానికి ఊళ్లో ఆమె ప్రభుత్వం పంపిన సర్వేయరైపోయింది. సోమవారం పొద్దున మద్దమ్మ అరుపు మారింది. "మేడమ్, నీకోసం శానామంది వచ్చినారు!"

మెట్ల మీద పదిహేనుమంది ఉన్నారు. ఒకాయన, పక్కింటి ప్రహరీ తన వైపు జరిగిందని కాగితం రాసిమ్మన్నాడు. మల్లక్క అనే రైతు ఎండిపోయిన బోరు సంగతి తెచ్చింది. "నీళ్లు ఆడనే నిలిచిపోయి, నేల ముందుకు పోయినట్టుండాది. ఎంత ఎనక్కి పోయి బోరేయాల మేడమ్?"

నిజం చెబితే వీళ్లంతా లేచి వెళ్లిపోతారని రెజీనాకు తెలుసు. చెబుదాం, కానీ టీ తాగాక చెబుదాం అనుకుని పొయ్యి మీద గిన్నె పెట్టింది. గదిలో ఉన్న గ్లాసులు రెండే.

టీ మరగకముందే యేసుప్రసాద్ వచ్చాడు. "చేనికాడికి రా మేడమ్. భూమి ఎట్ల జరిగిందో నా కండ్ల ముందర చూపియ్యి." రెజీనా సుత్తి ఉన్న సంచి తీసుకుని బయల్దేరింది. మెట్ల మీది జనమంతా వెంట నడిచారు.

రాయి దగ్గర దావీదురాజు ముందే నిలబడి ఉన్నాడు. రెజీనా గొంతు సవరించుకుంది. "బస్సు కర్నూలుకు పోతాంటే లోపలి సీట్లు ఒకదాని మీదికొకటి జరుగుతాయా? జరగవు. మీ రెండు చేన్లూ ఒకే బస్సులో ఉండాయి. రాయి కూడా అందులోనే ఉండాది."

"అంటే రాయిని జరిపింది మనిషే" అన్నాడు యేసుప్రసాద్.

దావీదురాజు ముఖం వాడిపోయింది. "నా పిల్లల మీద ఒట్టు. నేను ముట్టుకోలా" అన్నాడు. ఎవరూ వినని మాటను పదే పదే చెప్పి అలిసిపోయిన ఆ గొంతును రెజీనా గుర్తుపట్టింది. రాయి పక్కన కూర్చుని సుత్తి మొనతో మట్టి తవ్వసాగింది.

"ముట్టుకోవద్దు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఆమె ఆగలేదు. జానెడు లోతు తవ్వినా రాయికి అడుగు తగల్లేదు. పైగా కిందికి పోయేకొద్దీ వెడల్పయింది. ఆకుల దొంతరలాంటి దాని పొరలు రెండు చేన్ల కిందికీ సాగిపోయాయి.

"ఇది ఎవరూ పాతిన రాయి కాదు. నాపరాయి, కింద ఉన్న బండలో భాగం. చెక్కినట్టు నలుచదరంగా పగలడం దీని గుణం. ఆ వానకు పైమట్టి పోయి ఇది బయటపడింది. మీ అసలు రాయి ఆ నీళ్లతోనే కొట్టుకుపోయింటాది. దీన్ని జరపడం మీ ఊరంతా కలిసినా కాదు."

యేసుప్రసాద్ రాయిని కాలితో గట్టిగా తన్ని చూశాడు. వేలు పట్టుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి, "దావీదప్పా, టీ తాగుదాం రా" అన్నాడు తలెత్తకుండా.

ఇద్దరూ ఒకే మోటారుసైకిల్ మీద వెళ్లిపోయారు. ఇక గొడవ లేదని తేలాక జనం కూడా చెదిరిపోయారు. మేడమ్‌ను ఇంటి దగ్గర దింపాలన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

మధ్యాహ్నం ఆమె ఇంకా చేని దగ్గరుండగానే ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. "ఎవరూ చేరలేదు మేడమ్. మిమ్మల్ని బద్వేలుకు బదిలీ చేసినారు." అంతే, పెట్టేశాడు. రెజీనా రాయి మీద కూర్చుంది. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసింది. ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక ఫోన్ సంచిలో పెట్టేసింది.

దావీదురాజు భార్య జీవమ్మ క్యారియర్‌తో వచ్చింది. "మా ఆయన యాడికి పోయినాడు మేడమ్?"

"యేసుప్రసాద్ గారితో టీకి పోయినారు."

జీవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, క్యారియర్ విప్పింది. "రా, జొన్నరొట్టె తిందాం." రెజీనా మరో మనిషితో కలిసి తిని నెల దాటింది. రెండో ముద్దకు బద్వేలు సంగతి చెప్పేసింది.

"ఆడ ఎవరుండారు నీకు?"

"ఎవరూ లేరు."

"ఈడ మాత్రం ఎవరుండార్లే" అని జీవమ్మ ఆమెకు ఇంకో రొట్టె వేసింది.

వేశాక రాయి వైపు చూసింది, చేన్ల వైపు చూసింది. "మేడమ్, ఇది హద్దురాయి కాకుంటే, మరి హద్దు యాడుండాది?"

రెజీనా చుట్టూ చూసింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దున్నిన ఎర్రనేల తప్ప ఏమీ లేదు. "తెలీదమ్మా."

దూరంగా మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. ఆ ప్రశ్న మగవాళ్లకు తట్టేలోగా తినేయడం మంచిదని ఆడవాళ్లిద్దరూ తొందరపడ్డారు.