ముత్తెన్న ట్రాక్టరుకు ఆవిరి నీళ్ళు

ఆ పొద్దున ముత్తెన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. అంబలి తాగి, ట్రాక్టరు తీసి, నిన్న కొట్టిన చెరుకును పొద్దుగూకే లోపల బోధన్ చక్కెర కార్ఖానాకు చేర్చాలి. కొట్టిన చెరుకు ఎండితే తూకం పోతుంది, ఏడాది కష్టం పోతుంది. ఎడ్లబండి కడదామంటే ఎడ్లు లేవు. "ట్రాక్టరు వచ్చినంక ఎడ్లెందుకు" అని వాటిని అమ్మేసిన మేధావి ముత్తెన్నే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఆ ట్రాక్టరు ఎవరో జాగీర్దారు వాడి వాడి విడిచిపెట్టింది. కార్ఖానాలో మా బాన్సువాడ పరువు పోకూడదని ముత్తెన్న ముందురోజే విప్పగలిగిందల్లా విప్పి, దాని ఒళ్ళంతా ఎర్రరంగు పూసి, మళ్ళీ బిగించాడు.

తీరా హ్యాండిలు తిప్పితే ఇంజను ఉలకలేదు, పలకలేదు. మోటరు ఆగితే మా ఊళ్ళో వైద్యులకు కొదవ లేదు. బస్సు డ్రైవరు భద్రయ్యయితే బస్సు దిగకుండానే నాడి చూశాడు.

"బ్యాటరీల నీళ్ళు ఆరినట్టున్నయే. బాయి నీళ్ళు పొయ్యకు, ఖరాబైతది. ఆవిరి పట్టి దించిన నీళ్ళు కావాలె. నిజామాబాద్ల దొరుకుతయి."

నిజామాబాద్ పోయి వచ్చేసరికి చెరుకు కట్టెలవుతుంది.

"ఆవిరి పట్టి దించెటోడు మన ఊళ్ళె లేడా ఏంది?" అంది భార్య లస్మవ్వ. అన్నాక ఆలోచించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉన్నాడు. వాగు అవతల దొంగసారా కాచే పోచన్న. ముత్తెన్నేమో పండరిపురంలో తులసిమాల వేసుకున్నవాడు, సారా వాసన వస్తే దారి మార్చి నడిచేవాడు.

తన బట్టి దగ్గరికి వచ్చిన అతన్ని చూసి పోచన్నే సిగ్గుపడ్డాడు. సంగతి విన్నాక కుండ తోమి, ఉత్త నీళ్ళు కాచి, బొట్టుబొట్టుగా ఒక సీసా దించి ఇచ్చాడు. "నా బట్టిల నీళ్ళు దించిన్నని ఎవ్వనికి చెప్పకే అన్నా, పేరు పోతది."

దారిలో భజన వాళ్ళతో బావమరిది పండరి ఎదురయ్యాడు.

"ఏంది బావా గా సీసా?"

"నీళ్ళు."

"యాడికెళ్ళి తెస్తున్నవ్?"

ముత్తెన్నకు అబద్ధం రాదు. "పోచన్న బట్టికాడికెళ్ళి."

"ఎవలికి?"

"ట్రాక్టరుకు."

పండరి తల వంచుకున్నాడు. "చెరుకు ఫికర్ల మనిషి గిట్లయిపోయిండు" అని భజన వాళ్ళు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులు ఆబ్కారీ జవాను చెవిన పడ్డాయి. అతను సీసాతో సహా ముత్తెన్నను ఇన్స్పెక్టరు ముందు నిలబెట్టాడు.

ఇన్స్పెక్టరు వాసన చూశాడు, చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మొహం వెలిగింది. "సాఫ్ నీళ్ళు. మా మోటరుకు నెలసంది గివ్వే దొరుకుతలెవ్వు" అని సీసా తన దగ్గర పెట్టుకుని, ముత్తెన్నను మర్యాదగా పంపేశాడు. ఇంకో సీసా కోసం జవానును పోచన్న దగ్గరికి పంపాడు.

ముత్తెన్న వట్టి చేతులతో ఇల్లు చేరాడు.

"సీసా ఏది బావా?" అన్నాడు వాకిట్లో ఊరివాళ్ళతో నిలబడ్డ పండరి.

"పాయె, ఇగ లేదు."

అంతా తాగేసి వచ్చాడని ఊరికి అర్థమైపోయింది. లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ళ మొహాలు చూడలేక ముత్తెన్న బ్యాటరీ మూత తీసి అందులోకి చూశాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. తీగ పట్టుకుని వెళ్తే, అది ట్రాక్టరు ఇనుముకు తగలాల్సిన చోట తను పూసిన ఎర్రరంగు దళసరిగా పేరుకుని ఉంది. కరెంటుకు అడ్డంగా గోడ కట్టింది తనే. "ఎడ్లను అమ్మిన తెలివే గద, గింతకన్న ఏం జేస్తది" అని తనను తానే తిట్టుకుంటూ కొడవలితో రంగు గీకి, తీగ బిగించి, హ్యాండిలు ఒక్కసారి తిప్పాడు. ఇంజను గర్జించింది.

చెరుకు ఆ రోజే కార్ఖానా చేరింది, తూకం తగ్గలేదు. ముత్తెన్నకు ఏడుపు వచ్చేంత సంతోషమైంది.

నెల తిరక్కముందే ట్రాక్టరు మళ్ళీ మొండికేసింది. ముత్తెన్న తీగలన్నీ గీకి చూశాడు, లాభం లేకపోయింది. పండరి అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు.

"సోయిల ఉండి ముట్టుకుంటె అది నీ మాట ఇనదు బావా. దేవునికి నేను జెప్పుకుంట గని, ఒక్క గుక్కేసుకొని రాపో."