సగటున గడ్డకట్టిన కొండ

అందుచేత, అనుమతి లేకుండా ఏ రాయీ కింద పడరాదన్న నియమమే నాగరికతకు పునాది అని, గేటు గదిలో కుర్చీకి అతుక్కుపోయి నాకు నేనే చెప్పుకుంటున్నాను. శిలా స్థిరత్వ విభాగం అలా నమ్మబట్టే మా కొండ ఇంతకాలం నిలబడింది. (ఈ సంగతి కొండకి తెలుసో లేదో ఎవరూ అడగలేదు.)

శిఖరం దగ్గర రాళ్ళ పగుళ్ళలో మంచు గడ్డకట్టి ఉంటుంది. రాయిని రాయికి అంటించి ఉంచే జిగురు అదే. అది కరిగితే రాళ్ళు దొర్లి కింద రోడ్డు మీద పడతాయి. అందుకని ఒక పగులులో థర్మామీటరు దించి, దాని తీగని నా గదిలోకి లాగి, పక్కన నన్ను కూర్చోబెట్టారు. రాతి ఉష్ణోగ్రత సున్నా దాటితే గేటు దించి రోడ్డు మూసెయ్యాలి. ఇక్కడే విభాగం తన దూరదృష్టి చూపింది. ఉష్ణోగ్రత అంటే ముప్పై ఏళ్ళ సగటు. ఇవాళ్టిది కేవలం రాయి వ్యక్తిగత అభిప్రాయం.

ఏటికేడు ఎండలు ముదురుతున్నా, పాత చలికాలాల పుణ్యమా అని సగటు సున్నా కిందే ఉంది. (రిటైరైన చలి ఇంకా పెన్షను తీసుకుంటోంది.) నాకు ముందున్న ఉద్యోగి ఒకసారి సగటుని కాదని గేటు దించాడు. అవతల చరియ విరిగి రోడ్డు నిండా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి గేటు అనవసరంగా దించినట్టు విచారణలో తేలింది. ఆయనిప్పుడు ఒక మైదానంలో కొండచరియల పర్యవేక్షకుడు.

ఇవాళ థర్మామీటరు ముల్లు సున్నా దాటింది. పగుళ్ళలో నీళ్ళు కారుతున్న చప్పుడు నా గదిలోకి వస్తోంది. వేసవి అయిపోయిందని మనం దుప్పట్లు తీస్తాం గానీ, ఆ వేడి రాతి లోపలికి ఇప్పుడే చేరుతుంది. నేనూ అంతే. పొద్దున ఎవరైనా అన్న మాట నాకు సాయంత్రానికి గుచ్చుకుంటుంది. వారం నాటి భయం ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చింది. సగటు తీస్తే మాత్రం నేను ధైర్యవంతుణ్ణే.

అధికారికి ఫోన్ చేశాను.

"సగటెంతయ్యా?"

"సగటున గడ్డకట్టే ఉందండీ. గది పక్క రాయిని చేత్తో ముట్టుకుంటే మాత్రం వెచ్చగా ఉంది."

"చెయ్యి మన పరికరాల్లో ఉందా?"

"లేదండీ."

"మరి దాన్నెందుకు వాడావు?"

ఫోన్ పెట్టేశారు. అంతలో బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. నడిపేది మా బావ. రోజూ ఈ వేళకి నిండు బస్సుతో ఈ కొండ కిందుగానే వెళతాడు.

"ఏం బావమరిదీ, మొహం అలా పెట్టావు? మా అత్తగారు గాని వచ్చిందా?"

బస్సు పైకప్పు మీద టంగుమంది.

"గులకరాయి బావా."

"చిన్నదేగా."

"పెద్దవాళ్ళు వెనక వస్తున్నారు."

బావ కొండ వైపు చూశాడు. నవ్వు ఆపేశాడు. "మరి గేటు దించవేం?"

"సగటు ఒప్పుకోవట్లేదు."

"అంతేలే. టైముకి వెళ్ళకపోతే మా డిపో వాళ్ళూ ఊరుకోరు. నాకేమైనా అయితే సగటున బతికే ఉన్నానని మీ అక్కకి చెప్పు," అని గేరు వేశాడు.

గేటుని పైకెత్తి పట్టుకున్న తాడు నా కిటికీ పక్కనే, మేకుకి కట్టి ఉంది. వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి. (వేళ్ళు కూడా పరికరాల్లో లేవు.) ముడి విప్పాను. బస్సు ముందు గేటు ధబ్బున పడింది.

మళ్ళీ ఫోన్ చేశాను.

"గేటు పడిపోయిందండీ."

"దించావా?"

"లేదండీ. పడింది."

"ఎందుకు?"

"వేడికి."

అవతల నియమావళి తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"గేట్లు పడకూడదని ఎక్కడా లేదయ్యా. పడి ఉండనీ," అన్నారు చివరికి. తరవాత గొంతు తగ్గించారు. "కొండకి మాత్రం కనపడనివ్వకు. చూసి నేర్చుకుంటుంది."