ఫిజికల్ సారు

శాస్త్రాలలో ఏది గొప్పదన్న ప్రశ్న 1988 జూలైలో, దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న తునికిగూడెం హైస్కూల్లో, చేతులెత్తే పద్ధతిన శాశ్వతంగా తేలిపోయింది. ప్రపంచం ఈ సంగతిని ఇంకా గుర్తించలేదు.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పిల్లలు తగ్గారు గనుక ఇద్దరు సైన్సు మాస్టర్లలో ఒకరు అదనం. ఎవరిని ఉంచుకోవాలో తల్లిదండ్రులు తీర్మానం చేసి పంపాలి. మిగిలినాయన గోదావరి అవతలికి బదిలీ.

జీవశాస్త్రం చెప్పే వెంకటప్పయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. ఆయన భార్య సుశీలమ్మకు మోకాళ్ల నొప్పులు. దవాఖానా తునికిగూడెంలో ఉంది, గోదావరి అవతల లేదు. పైగా ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు. గైడులోని జవాబులను పన్నెండేళ్లుగా పొల్లు పోకుండా నోట్సు చెబుతున్నాడు. భౌతికశాస్త్రం చెప్పే వెంకటరామారావు కూడా అంతే నిష్ఠగా, అదే కంపెనీ గైడులోంచి చెబుతున్నాడు. పోటీ అలాంటి ఉద్దండుల మధ్య.

హెడ్మాస్టరు సభ పెట్టాడు. బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్న పరికరాలు ఎట్టకేలకు వెలుతురు చూశాయి. వెంకటప్పయ్య సీసాలో కప్పను పట్టుకొచ్చి, "జీవశాస్త్రమే లేకుంటే మానవజాతికి మనుగడే లేదు!" అని ప్రకటించాడు. మూత తీయగానే కప్ప తన మనుగడ తాను చూసుకుని కిటికీలోంచి వెళ్లిపోయింది. "భౌతికశాస్త్రమే లేకుంటే విశ్వమంతా చీకటే!" అంటూ వెంకటరామారావు మీట నొక్కాడు. బల్బు వెలగలేదు. అది బ్యాటరీ బల్బు కావడంతో కరెంటు వాళ్లను తిట్టే సౌకర్యం కూడా లేకపోయింది.

తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, బట్టల దుకాణం అహ్మద్ పాషా లేచాడు. "అందరం మాట్లాడుకున్నం. మాకు ఫిజికల్ సారే ఉండాలె."

చేతులన్నీ లేచాయి. వెంకటప్పయ్య ఖాళీ సీసాకు మూత పెట్టాడు. వెంకటరామారావు వినయంగా తల వంచి, "ఇది నా గెలుపు కాదు, విజ్ఞానపు గెలుపు" అన్నాడు. అహ్మద్ పాషా ఆయన్ను దాటుకుంటూ వెళ్లి, వెనక నిలబడ్డ డ్రిల్లు మాస్టరు జైరాం మెడలో దండ వేశాడు. ఆ ఊళ్లో ఫిజికల్ సారంటే జైరామే.

"పోటీ సైన్సు మాస్టర్లకయ్యా!" అని వెంకటప్పయ్య మొత్తుకున్నాడు.

"జైరాం సారు మా పిలగాండ్లకు కబడ్డీ నేర్పిండు, తల్లాడ పోటీలల్ల కప్పు గెలిపిచ్చిండు. దెబ్బ తాకితే కట్టు కట్టుడు గూడ నేర్పిండు."

"మరి సైన్సు ఎవరు చెబుతారు?"

"మీ నోట్సులు పిలగాండ్ల కాడ ఉన్నయ్ గద సార్. గవ్వే చదువుకుంటరు."

ప్రజల తీర్పులో అక్షరం కదిలించరాదని హెడ్మాస్టరు దాన్ని అలాగే ముద్ర వేసి పంపాడు. తీర్మానంలో పేరులేని ఇద్దరినీ అదనంగా తేల్చి, పై ఆఫీసు వాళ్లు ఒకే ఆర్డరుతో గోదావరి దాటించారు.

ఆ ఏడాది తునికిగూడెం పదో తరగతి మొత్తం తప్పాలని వెంకటప్పయ్య రోజూ మొక్కుకున్నాడు. ఇంత చదువు చెప్పిన మనిషి అలా మొక్కుకోవడం తప్పేనని ఆయనకూ తెలుసు, అయినా మానలేదు. ఫలితాల పేపరు రాగానే నంబర్లు లెక్కపెట్టాడు. నిరుటికన్నా ఇద్దరు ఎక్కువే పాసయ్యారు.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు, అంతే వచ్చింది. తరువాత ఛాతీ విరుచుకుని, "చూశావా? అంతా నా నోట్సు మహిమే!" అన్నాడు.

సుశీలమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూనే అడిగింది. "గట్లయితే ఇన్నాళ్లు మీరు బడికెందుకు పోయినట్టు?"