అత్తగారి అవరోహణ పర్వం

నాకు ఏళ్ల తరబడి ఒక సందేహం ఉంది. రోజూ పొద్దున చేతులు జోడించి, "తండ్రీ, నా భారం దించు" అని అడుగుతాను. అందరూ అదే అడుగుతారు. దయామయుడు గనుక ఆయన దించుతూనే ఉంటాడు. అలా ఇంటింటా దించిన భారాలన్నిటినీ ఎక్కడ పెడుతున్నట్టు? పెద్దల్ని అడిగితే ఒకరు అలా అడగకూడదన్నారు, ఒకరు కాఫీ తాగి వెళ్లమన్నారు. చోటు మాత్రం ఎవరూ చూపలేదు. వాటిలో ఒకదాన్ని తెచ్చి మా తోడల్లుడి చేతుల్లో పెట్టాడని మాత్రం నేను కళ్లారా చూశాను. ఆ వీరగాథను నా చదువు చాలినంత మేరకు విన్నవిస్తాను.

ప్రచండమార్తాండకిరణాల తాకిడికి వీధిలోని తారు మెత్తబడి బాటసారుల చెప్పులను పట్టి నిలిపే, చిరవైరులైన శునకద్వయం సైతం పగ మరచి ఒకే కారు నీడలో శయనించే గ్రీష్మకాలాన, లిఫ్టు లేనిదీ, వస్తుందన్న ఆశ ఎన్నడూ పెట్టుకోనిదీ అయిన ఒకానొక భవనంలో, రెండవ అంతస్తున, వీధివైపు కిటికీ చెంత, చేతుల కుర్చీయే సింహాసనంగా మా అత్తగారు కొలువై ఉండేవారు. ఆమె మోకాళ్లు ఆమెపై తిరుగుబాటు ప్రకటించి చాలా కాలమైంది. అప్పటినుంచి ఆమె వీధిలో కాలు మోపలేదు.

ఎదురింటి కింది వాటాలో నర్సమ్మ ఉండేది. ఉద్యోగం విరమించిన నర్సు. మా ఆవిడనూ, వాళ్ల అక్కనూ ఈ లోకంలో మొదట పట్టుకున్న చేతులు ఆమెవే. కిటికీలోంచి అత్తగారు, గుమ్మంలోంచి నర్సమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేతులు ఊపుకునేవారు. అయితే వాళ్ల మధ్య ఒక బాకీ నిలిచిపోయింది. ఆ తరంలో ఒకరింటికి ఒకరు వెళ్లడం వంతుల ప్రకారం జరిగేది. నువ్వొచ్చావు, ఇక నేను రావాలి. ఆఖరిసారి వచ్చింది నర్సమ్మ. తర్వాత వెళ్లవలసింది అత్తగారు. ఈలోగా మోకాళ్లు మొరాయించాయి. నర్సమ్మకేమో ఆయాసం, మెట్లెక్కవద్దన్నారు. ఇప్పుడు ఆమె ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో దూరాన ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. వానలు పడేలోపు ప్రయాణం.

"దానింట్లో ఒక్కసారి కూర్చుని రావాలి," అన్నారు అత్తగారు. "బాకీ పెట్టుకుని దాన్ని సాగనంపలేను."

కుర్చీతో సహా ఇద్దరు పట్టి దించుదామంటే మెట్లదారి ఇరుకు, మలుపులో కుర్చీ తిరగదు. కూలీలను పిలుద్దామంటే పరాయివాళ్ల చేతుల్లో బీరువాలా దిగనన్నారు. వీపు మీద ఎక్కడమనే మాట ఆమె ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. కొడుకులు లేరు, అల్లుళ్లం ఇద్దరం. నాకు హెర్నియా ఆపరేషనైంది, నీళ్ల బకెట్టు కూడా ఎత్తొద్దని డాక్టరు ఆజ్ఞ.

మిగిలినవాడెవడయ్యా అంటే, తపాలా కార్యాలయాన పార్సిళ్ల కిటికీ వెనుక ఆసీనుడై, మూటను కంటితో చూసే బరువు చెప్పగల తూనికధురంధరుడు, ఎల్లవేళలా తనకంటే ముందు నడిచే ఉదరమే సేనానిగా గలవాడు, ఐదుపదుల వయసు దాటినా ఐదు కేజీలకు మించి ఎన్నడూ ఎత్తి ఎరుగనివాడు, మా ఆవిడ అక్క భర్త, మా తోడల్లుడు. నేను అన్నయ్యగారూ అంటాను. అత్తగారు ఉండేది ఆయన ఇంట్లోనే. దించేముందు ఒకసారి తూచి చూద్దామని వృత్తిధర్మంగా అడిగితే, "నేను పార్సిలునా బాబూ?" అని ఆమె ఆ ప్రస్తావన అక్కడితో ముగించారు.

ప్రథమ యుద్ధం అల్పకాలంలో ముగిసింది. ఆ ధీరుడు అత్తగారిని రెండు చేతులా ఎత్తి, గుమ్మం దాటి, మొదటి మెట్టు దిగి, రెండవ మెట్టుపై పాదం మోపి, మూడవదానిని దూరం నుంచే దర్శించి, ముఖం వంకాయరంగుకు తిరగగా, వెనుకడుగున మళ్లీ ఇంట్లోకి వచ్చి ఆమెను కుర్చీలో జారవిడిచాడు.

"పర్లేదు బాబూ," అన్నారు అత్తగారు చీర సర్దుకుంటూ. "కాస్త గాలి మార్పైంది."

ఆ మాట ములుకై నాటగా, ఉచ్ఛ్వాసనిశ్వాసాలు ఒకదానితో ఒకటి పోటీపడగా, సోఫాలో వెల్లకిలా పడి ఉండియే ఆ మహావీరుడు దిక్కులు సాక్షిగా ఘోరప్రతిజ్ఞ చేశాడు. "బరువులెత్తడం ఎక్కడ నేర్పుతారో కనుక్కో తమ్ముడూ," అన్నాడు.

నేను కనుక్కున్నాను. అద్దాలూ, సంగీతమూ, చల్లగాలీ ఉన్నచోట్లకు వెళ్లాలంటే ఆయనకు సిగ్గు. అందుకని పాత బజారులో, ఒక వాచీల మరమ్మతు దుకాణం పైన, ఇనుపగుండ్లూ, కడ్డీలూ, ఇసుకమూటలూ, ఒక చెక్కబల్లా తప్ప మరేమీ లేని పాతకాలపు వ్యాయామశాలకు తీసుకెళ్లాను. దానికి అధిపతి ఒక వస్తాదు. తల ఎక్కడ ముగిసి భుజాలెక్కడ మొదలవుతాయో చెప్పలేని వృద్ధసింహం.

ఆ శాలలో ఒక్కటే శాసనం: చప్పుడు చేయరాదు. కింద వాచీల ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకుని కూర్చుంటాడు. పైన గుండు దభీమని పడితే కింద స్ప్రింగు ఎగిరిపోతుంది, మరి దొరకదు. ఈ విషయమై పూర్వం ఉభయపక్షాలకూ మహాసంగ్రామం జరిగి, సంధి కుదిరి, అప్పటినుంచి అక్కడ ఎంత బరువైనా పసిపిల్లను ఉయ్యాలలో పెట్టినట్టు పెట్టాల్సిందే. దించేటప్పుడు ఊపిరంతా మెల్లగా వదిలేవరకు దించుతూనే ఉండాలి.

"ఎత్తడందేముంది, కోపమొస్తే ఎవడైనా ఎత్తుతాడు," అనేవాడు వస్తాదు. "దించు. నువ్వెంతటోడివో అప్పుడు తెలుస్తుంది."

మెట్ల సంగతి విన్నాక ఆయన మా వీరుడికి ప్రత్యేకదీక్ష ఇచ్చాడు. ఇసుకమూటను చేతుల మీద పరుండబెట్టుకుని శాల మెట్లు ఒక్కొక్కటే నిశ్శబ్దంగా దిగాలి. కిందికి చేరాక దానిని కిటికీకి కట్టిన గిలకతో తాడు లాగి పైకి చేర్చేవారు. మళ్లీ దిగాలి. రోజులు గడిచేకొద్దీ మూటలో ఇసుక పెరిగింది. ఆయన సారథిని నేనే. స్కూటరు నాది.

ఆహారశాసనం మరింత కఠినం. అన్నం, రొట్టె, బంగాళాదుంప, పంచదార, అరటిపండు, ఈ పిండిపదార్థకూటమి మొత్తం నిషిద్ధం. అనుమతించినవి గుడ్లు, మాంసం, ఆకుకూరలు, పెరుగు. ఇంకా ఆకలైతే ఏం చేయాలని అడిగితే, "ఇంకో గుడ్డు," అన్నాడు వస్తాదు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి సరేనన్నాడు. వదినగారు మాత్రం పెళ్లైనప్పటినుంచీ తను వండిన అన్నమంతా నేరమేమో అన్నట్టు చాలాసేపు గిన్నెవైపు చూస్తూ నిలబడింది.

ఇక ఆ తపాలా కార్యాలయరణరంగాన ఆయన పడిన పాట్లు ఏమని చెప్పను. పక్కనే బేకరీ. సాయంత్రం నాలుగింటికి ఓవెన్ తలుపు తెరిచేసరికి, నవనీతసుగంధబంధురమైన బన్నుల సైన్యం గాలి గుర్రమెక్కి పార్సిళ్ల కిటికీని ముట్టడించేది. ఆ ముట్టడిని ఆయన ఉడకబెట్టిన గుడ్డనే ఏకైక ఆయుధంతో ఎదుర్కొనేవాడు. ప్రమోషన్ కేకులు కుడివైపు నుంచి, పుట్టినరోజు కేకులు ఎడమవైపు నుంచి వచ్చి కవ్వించేవి. గుడ్డు ఒలుస్తున్న ఆయనను చూసి ఒక పోస్ట్‌మ్యాన్, "దీనికి స్టాంపు ఎంతవుతుంది సార్?" అని అడిగాడట. ఆయన దానిని తూకంలో పెట్టి, ఎంతవుతుందో చెప్పాడట.

అట్టి స్థితప్రజ్ఞుడు కూడా ఒక ఆదివారం మధ్యాహ్నం పతనమయ్యాడు. ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా, వంటగదిలో ఇంకా వేడి ఆరని అన్నం గిన్నె ఆయనను పేరుపెట్టి పిలిచిందని తర్వాత నాతో చెప్పుకున్నాడు. మూత తీశాడు, చప్పుడు కాలేదు. గరిటె ముంచాడు, చప్పుడు కాలేదు. వరసగా కొన్ని ముద్దలు, అవీ నిశ్శబ్దంగానే. కిటికీ పక్క కుర్చీలోంచి వంటగది సూటిగా కనబడుతుందన్న సంగతి ఆ వేడిలో ఆయనకు తట్టలేదు.

"మూత భలే తీశారు బాబూ," అన్నారు అత్తగారు. "వస్తాదు నేర్పింది బాగా వంటబట్టింది."

ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కన్ను ఆమె కంచం మీద పడింది. వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అడిగితే ఆకలి లేదన్నారు. వదినగారినడిగితే ఈమధ్య రోజూ ఇంతేనంది. మళ్లీ గట్టిగా అడిగేసరికి అత్తగారు దాచలేదు.

"మీరు బలపడటం ఆలస్యమయ్యేట్టుంది. నేనూ కాస్త తగ్గితే మధ్యలో కలుసుకుందామని."

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మా తోడల్లుడి ముఖంలో అలాంటి మార్పు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. బన్నుల ముట్టడికి చలించని కళ్లు తడిశాయి. లేచి వెళ్లి ఆమె కంచం దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, ఒక్క ముద్ద తగ్గినా నేను దించను. మీరెంత ఉంటే అంతా దించుతాను. తినండి."

ఆమె తిన్నారు. ఆయన మరి గిన్నె మూత తీయలేదు. ఇసుకమూటకు రెండోపూట కూడా మొదలుపెట్టాడు. సేనాని అయిన ఉదరం క్రమంగా వెనుకంజ వేసి, చివరికి చొక్కాలో ఎక్కడో అజ్ఞాతవాసానికి వెళ్లిపోయింది.

ఆకాశాన మొదటి మబ్బు కనబడిన ఉదయం, ఎదురింటి ముందు సామాన్ల లారీ వచ్చి ఆగింది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఆ సమయాన, మౌనభారావతరణదీక్షాబద్ధుడు, అండభక్షణధురీణుడు, బన్నుసైన్యభంజనుడు, పిండిపదార్థకూటమికి ఒక్క ఆదివారం తప్ప ఎన్నడూ వెన్ను చూపనివాడు అయిన మా తోడల్లుడు ఆమెను పూలబుట్టలా ఎత్తి, గుమ్మం దాటి, ఒకనాడు తనను ఓడించిన మూడవ మెట్టును గుర్తుపట్టి, దానిపై మెత్తగా పాదం మోపి, ముందుకు సాగాడు. నేను ముందు, చేతులు చాచి వెనక్కి దిగుతున్నాను. పడితే పట్టుకోలేనని మా ఇద్దరికీ తెలుసు. వెనుక వదినగారు పెదవుల మీద ప్రార్థనతో.

మలుపు దగ్గర దారికి అడ్డంగా ఎవరిదో సైకిలు. తాళం వేసి ఉంది. నేను దానిని గోడకు నొక్కి, హ్యాండిలు తిప్పి, పెడలు వంచి, నానా తంటాలు పడుతున్నాను. అంతసేపూ ఆయన ఒక మెట్టు మీద ఒక కాలు, ఇంకో మెట్టు మీద ఇంకో కాలుతో స్తంభంలా నిలబడ్డాడు. నుదుటి చెమట కనుబొమ్మ దాటింది.

"బాబూ, ఇక్కడే దించేయండి. కాసేపు మెట్టు మీద కూర్చుంటాను."

"కింద వాచీల ఆయన ఉన్నాడత్తయ్యగారూ," అన్నాడాయన, ఊపిరి మెల్లగా వదులుతూ.

ఎవరో ఉన్నారేమోనని ఆమె తొంగి చూశారు. సైకిలు కదిలింది. మిగిలిన మెట్లు ఒక్కొక్కటే వచ్చి ఆయన పాదాల కింద తలవంచాయి. భవనద్వారం వచ్చింది. వీధి వచ్చింది. కారు నీడలోని శునకద్వయం లేచి దారి ఇచ్చింది.

నర్సమ్మ ఇల్లు దాదాపు ఖాళీ. ఒక్క కుర్చీ మిగిలింది. ఆయన అత్తగారిని అందులో కూర్చోబెట్టాడు. కుర్చీ కిర్రుమనలేదు. నర్సమ్మ పక్కనున్న ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"వచ్చావా," అంది.

"వచ్చాను."

"ఆలస్యమైంది."

"మెట్లు ఎక్కువే," అన్నారు అత్తగారు.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వదలడం మరిచిపోయారు. టీ గ్లాసులు లారీ ఎక్కేశాయి గనుక టీ ఎదురు దుకాణం నుంచి తెప్పించారు. మా తోడల్లుడు పంచదార లేకుండా తాగాడు.

అప్పుడు వదినగారు, ఎవర్నీ ఉద్దేశించకుండా, "మరి పైకో?" అంది.

నేనూ ఆయనా ముఖాలు చూసుకున్నాం. వేసవి పొడుగునా ఆయన దించడమే నేర్చుకున్నాడు. ఎత్తడమంతా గిలక చూసుకుంది. మా మెట్లకు గిలక లేదు. ఈ సంగతి మాకు గానీ, వస్తాదుకు గానీ, దేవుడి దయవల్ల ఒక్కసారి కూడా తట్టలేదు. తర్వాత ఫోనులో చెబితే వస్తాదు, ఎత్తడం సోమవారం నుంచి మొదలుపెడదామన్నాడు.

అత్తగారికి ఆ దిగులేమీ లేదు. లారీ ముందు పోనీ, ఎల్లుండి నర్సమ్మ రైలెక్కేదాకా ఇక్కడే ఉంటానన్నారు. పక్క బట్టలు తెచ్చిపెట్టమని వదినగారిని పంపించారు.

"అయితే ఇక బాకీ నాది," అంది నర్సమ్మ.

"నీదే," అన్నారు అత్తగారు. "ఉంచుకో. తీర్చడానికైనా వస్తావు."

ఇట్లు ఆ గ్రీష్మాంతవేళ, దశదిశలూ సామాన్ల లారీ హారన్‌తో మారుమోగగా, రెండంతస్తుల మెట్లు జితములై, ఒక సైకిలు పరాస్తమై, ఒక వృద్ధురాలు ఒక వీధి దాటింది. మా అత్తగారు నర్సమ్మకు పడిన ఒక్క రాక బాకీ, వడ్డీగా రెండు రాత్రుల బసతో సహా, ఆ కుర్చీలో తీరిపోయింది.