డిష్‌కు దిష్టి గుమ్మడికాయ

“నేటినుంచి ఈ ఫిషింగ్ హార్బర్‌లో ఇంటర్నెట్టు గాలిలో ప్రవహించును! మూఢత్వం సముద్రంలో కలిసిపోవును!”

ప్రాజెక్టు అధికారి దేవీప్రసాద్ ఈ మహావాక్యాన్ని అద్దం ముందు వల్లె వేస్తున్న వేళకి, కాంట్రాక్టు టెక్నీషియన్ త్రినాథరావు స్తంభం కింద తల పట్టుకుని ఉన్నాడు.

పథకం గొప్పదే. ఆప్టికల్ ఫైబర్ రోడ్డు కిందనుంచి హార్బర్ గేటు దాకా వస్తుంది. గేటు దగ్గర స్తంభం మీది డిష్ అక్కణ్ణుంచి సిగ్నల్‌ని గాలిలో పంపితే, వేలం షెడ్డు మీది డిష్ అందుకుంటుంది. నిన్న దివ్యంగా పనిచేసింది. ఇవాళ చచ్చింది! ప్రారంభోత్సవం వేళకి, పదింటికల్లా బతక్కపోతే ఉద్యోగం ఊడుతుందని త్రినాథరావుకి మెమో కూడా అందింది.

డిష్ మొహానికి అడ్డంగా, పసుపూ కుంకుమా పూసుకుని, బూడిద గుమ్మడికాయ ఊగుతోంది.

“ఎవులు కట్టినారత్తా?” అనడిగాడు, వలలు కుడుతున్న నూకాలుని.

“మీ పెద్దాఫీసరే బాబూ! తెల్లారగట్ల నిచ్చెనెక్కి మరీ కట్టినాడు. దిష్టి తగల్తాదట!”

త్రినాథరావు దేవీప్రసాద్ దగ్గరికి పరుగెత్తాడు. “సార్, ఆ గుమ్మడికాయ నిండా నీరే. సిగ్నలంతా అదే తాగేత్తంది!”

“ఏ గుమ్మడికాయ? మనం సైన్సు మనుషులం!” అని ఉరిమాడు దేవీప్రసాద్. ఆనక గొంతు తగ్గించాడు. “దాన్ని మాత్రం ముట్టుకోకు. విప్పితే అరిష్టం.”

“మరి సిగ్నలెలా ఎల్తాది సార్?”

“పక్కనుంచి పంపు!”

సంగతి విని నూకాలు పగలబడి నవ్వింది. “తీగ లాగీ బాబూ! గేటు కాణ్ణించి షెడ్డు దాకా నా వలలారేసే తాడుంది గదా!”

ఫైబర్ తీగ తాడు వెంబడి షెడ్డు దాకా పాకింది. అది కనపడకుండా పైన వలలు ఆరేశారు. సిగ్నల్ వచ్చింది!

పదింటికి డైరెక్టర్ అర్జునరావు గేటు దగ్గరికి వచ్చి, షెడ్డులోని జాలర్లతో వీడియోలో మాట్లాడి, గాలి మహిమని అరగంట పొగిడాడు. జనం ఆకాశం కేసి చూసి చప్పట్లు కొట్టారు. ఆయన కూడా చూశాడు. గుమ్మడికాయ కనపడింది.

“ఇదెవరి పని?”

దేవీప్రసాద్ త్రినాథరావు వైపు వేలు చూపించాడు. “ఈ కాంట్రాక్టువాడిదే సార్! ఉత్త మూఢుడు! ఇవాళే తీసేస్తాను.”

 అర్జునరావు త్రినాథరావుని పక్కకి తీసుకెళ్లి భుజమ్మీద చెయ్యేశాడు.

“ఒక్కటే కట్టావేమయ్యా? మరి షెడ్డు మీది డిష్‌కో? రుషికొండలో మా ఇంటికి ఏడు కట్టించాను. నీలాంటివాడు పర్మనెంటుగా ఉండాలి!”

వెనకే చెవి ఒగ్గి నిలబడ్డ దేవీప్రసాద్ ఎగిరి ముందుకొచ్చాడు. “కట్టింది నేనే సార్! నిచ్చెన కూడా నాదే!”

“ఛీ! చిన్న ఉద్యోగి భక్తిని కూడా కాజేస్తారా?” అని అర్జునరావు అసహ్యించుకుని, త్రినాథరావు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పవయ్యా, కట్టిందెవరు?”

జన్మలో ఎన్నడూ దిష్టికాయ కట్టి ఎరగని త్రినాథరావు చేతులు కట్టుకున్నాడు.

“నానే సార్. తలంటు పోసుకుని మరీ కట్టినాను.”