‘లేరు’ అని పదకొండుసార్లు

బడులను తనిఖీ చేసేవారున్నారు గానీ ఆ తనిఖీలను తనిఖీ చేసేవారు లేరన్న వెలితి మన జిల్లాలో ఇకమీదట ఉండబోదని డాక్టర్ కనకరత్నం గారు ప్రకటించగానే, మద్దిలపాలెం హాల్లో కూర్చున్న నాలుగు వందల మంది టీచర్లం చప్పట్లు కొట్టాం. హాజరు తీసుకునేవాళ్లు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు కనుక గట్టిగానే కొట్టాం.

కనకరత్నం గారు తనిఖీల నాణ్యతా మూల్యాంకన ప్రత్యేకాధికారి. అటువంటి పదవి ఒకటి అవసరమని ఆయన వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

“తనిఖీ అంటే అద్దం,” అన్నారాయన మైకులో. “అద్దం శుభ్రంగా ఉందా లేదా అన్నదే నేను చూస్తాను. అందులో కనబడే ముఖంతో నాకు సంబంధం లేదు.”

తన పని ఏమిటో ఇంత నిజాయితీగా చెప్పిన అధికారిని నా ఇరవై రెండేళ్ల సర్వీసులో చూడలేదు.

నేను ఆటోనగర్‌ను ఆనుకుని ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. మా బడికి చాలా కొరతలున్నా తనిఖీల కొరత మాత్రం ఏనాడూ లేదు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి డిసెంబరు లోపు పదకొండు జరిగాయి. మరుగుదొడ్లు చూడటానికి ఒకరొచ్చారు. కోడిగుడ్ల బరువుకు ఇంకొకరు. బూట్ల సైజులు చూడటానికి ఒకే రోజు ఇద్దరొచ్చి ఒకరినొకరు చూసుకుని నొచ్చుకున్నారు. ఏ పనిమీద వచ్చినా ప్రతి ఒక్కరూ ట్యాబ్‌లో చివరి కాలమ్ మాత్రం శ్రద్ధగా నింపేవారు. పదో తరగతికి ఫిజిక్స్ మాస్టారు: లేరు.

నిజంగానే లేరు. ఉన్నాయన రిటైరై రెండేళ్లయింది. మా హెడ్మిస్ట్రెస్ సూర్యకాంతమ్మ గారు ప్రతి తనిఖీ చివర్లో టీ ఇస్తూ ఒకే ప్రశ్న అడిగేవారు.

“లేరని రాసుకున్నారు కదండీ, మరి ఎప్పుడు వేస్తారు?”

“లేరని రాయడం వరకే మా స్కోప్ మేడం,” అని వాళ్లు టీ తాగి వెళ్లిపోయేవారు.

అక్టోబరులో మా బోరు మోటారు కాలిపోయింది. అటెండరు దాలయ్య ఎక్కడినుంచో దుర్గారావు గారిని పిలుచుకొచ్చాడు. ఆయనది తణుకు దగ్గర పల్లె. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు క్రేన్ల ఎలక్ట్రికల్ సెక్షన్లో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. ఆయన స్టార్టరు విప్పుతుంటే పదో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. అందులో గజాలా అనే అమ్మాయి, ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు నడిపే కరీం బాషా కూతురు, ఉండబట్టలేక అడిగేసింది.

“తాతగారూ, ఫ్యూజు ఎందుకెగిరిపోద్దండీ?”

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నలభై నిమిషాలు జవాబు చెప్పారు. మోటారు ఆ రోజు బాగవలేదు. మర్నాడు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మళ్లీ వచ్చారు.

ఆ తర్వాత రోజూ వచ్చారు. పొద్దున్న మొదటి రెండు పీరియడ్లూ ఆయనవే. ఎవరూ నియమించలేదు, ఎవరూ వద్దనలేదు. నియమించలేదు కనుక తనిఖీలకొచ్చినవాళ్ల ట్యాబ్‌లలో ఆ తర్వాతా ‘లేరు’ అనే పడింది. “చూడండమ్మా, కరెంటుకి ఓర్పుండదండి, సులువైన దారే వెతుక్కుంటుందండి,” అని పిల్లల్ని కూడా అండీ అంటూ చెప్పేవారు. ఆయన చెబుతుంటే నేను గోడమీద సర్క్యూట్లు గీశాను. యూనిట్ టెస్టులో సగంమంది తప్పే తరగతిలో ఈసారి నలుగురే తప్పారు. గజాలాకు పాలిటెక్నిక్ ఎంట్రన్సు రాయాలని కోరిక. “ఫిజిక్స్‌లో మార్కులొస్తే సదివిత్తాను, నేకపోతే షాపులో కూకో,” అన్నాడట కరీం బాషా. ఆ అమ్మాయి పుస్తకం వదలడం లేదు.

జనవరిలో కనకరత్నం గారి ఆఫీసు నుంచి సూపరింటెండెంటు గవర్రాజు ఫోన్ చేశాడు. నేను హెడ్మిస్ట్రెస్ గదిలోనే ఉన్నాను. ఫోన్ స్పీకరులో ఉంది.

“మేడం, మీ బడికి అదృష్టం పట్టీసింది. పదకొండు తనిఖీలు, పదకొండూ ఒకటే మాట. హండ్రెడ్ పర్సెంట్ కన్సిస్టెన్సీ! రాష్ట్రంలో ఇంకెక్కడా నేదు. సార్ సొయంగా వత్తన్నారు, ఫిజిక్స్ మాస్టారు లేరని కళ్లతో సూసి మోడల్‌గా పెట్టడానికి.”

“అయితే ఒక సంగతండీ,” అన్నారు సూర్యకాంతమ్మ గారు. “ఇప్పుడొకాయన ఉచితంగా వచ్చి చెబుతున్నారు.”

గవర్రాజు గొంతు తగ్గించాడు.

“కొంప ముంచీసినారు మేడం. పదకొండుమంది ఆఫీసర్లు లేరని రాసినారు. ఇప్పుడున్నారంటే పదకొండుమందికీ మెమోలు. పన్నెండోది మీకు.”

“మరేటి సెయ్యమంటారు?” కంగారు పడినప్పుడు ఆవిడకు అనకాపల్లి యాస వచ్చేస్తుంది.

“ఒక్క పూట మేడం. లేరని ప్రూవైపోతే పోస్టు ఫిలప్ సెయ్యక తప్పదు కదా, నాను ఫైలు పెడతాను.”

ఆ ఫైలు మాటకే ఆవిడ ఒప్పుకున్నారు. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది.

లేని మాస్టార్ని ఉన్నట్టు చూపించడం మాకు అలవాటే. ఉన్న మాస్టార్ని లేనట్టు చూపించడం ఇదే మొదలు. నేను గోడమీది సర్క్యూట్లకు సున్నం కొట్టి, చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మ వేశాను. హెడ్మిస్ట్రెస్ గారు పిల్లలతో రిహార్సల్ వేయించారు.

“మీకు ఫిజిక్స్ ఎవరు చెబుతున్నారు?”

“దుర్గారావు సారండీ!”

“కాదు. ఎవరూ లేరు.”

“అబద్దం ఆడొచ్చా మేడం?” అంది గజాలా.

“అబద్ధం కాదమ్మా,” అని ఆవిడ కొంచెం ఆలోచించారు. “డేటా.”

కనకరత్నం గారు మూడు కార్లలో వచ్చారు. ముందుగా వంటగది చూశారు. అక్కడ మధ్యాహ్న భోజనం వండే గురువమ్మ పక్కన, పీటమీద కూర్చుని, దుర్గారావు గారు ఉడికిన గుడ్లు ఒలుస్తున్నారు. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నారు.

“ఈయనెవరు?”

“మా బావ బాబూ,” అంది గురువమ్మ తడుముకోకుండా. “గుడ్లొలవడానికి సాయమొచ్చినాడు.”

“కమ్యూనిటీ పార్టిసిపేషన్! నోట్ చేసుకోండి,” అన్నారు కనకరత్నం గారు. వెంట వచ్చినవాళ్లు ఫోటో తీశారు. దుర్గారావు గారు తల ఎత్తలేదు. ఆయన చేతిలో గుడ్డు మాత్రం పచ్చసొన దాకా ఒలిచిపోయింది.

పదో తరగతిలో నలభై రెండు గొంతులు ఒక్కసారిగా లేరు సార్ అన్నాయి. కనకరత్నం గారి ముఖం వెలిగింది. అంతటితో వెళ్లిపోవలసింది. గుమ్మం దగ్గర ఆగి, సరదాగా నవ్వుతూ, “అయితే మీలో ఎవరికీ ఓమ్ నియమం కూడా తెలియదన్నమాట,” అన్నారు.

గజాలా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ గారు వద్దన్నట్టు కళ్లతో చెబుతూనే ఉన్నారు. అయినా లేచింది.

“తెలుసు సార్. వాహకం ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, దాని రెండు చివరల మధ్య పొటెన్షియల్ భేదం అందులో పారే కరెంటుకి అనులోమానుపాతంలో ఉంటాది. పెద్ద క్రేన్ల మోటార్లకి స్టార్ట్ చేసినప్పుడు రెసిస్టెన్స్ పెట్టి, తర్వాత తీసేత్తారు సార్. లేపోతే వైండింగ్ కాలిపోద్ది.”

వెనక బెంచీలో ఇంకొకడు లేచి ఫ్యూజు గురించి చెప్పాడు. మరొకడు ఎర్తింగ్ అన్నాడు. నలభై రెండు మందీ చేతులెత్తారు.

“ఎవరు నేర్పారు?”

గజాలా హెడ్మిస్ట్రెస్ గారి వంక ఒకసారి చూసి తల దించుకుంది.

“ఎవులూ నేరు సార్.”

కనకరత్నం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అద్భుతం,” అన్నారు. ఆ మాట ఆయన మనసులోంచే వచ్చింది.

నెలాఖరుకు నివేదిక వచ్చింది. అచ్చు చాలా బాగుంది. ఉపాధ్యాయుడు లేరన్న వాస్తవం పదకొండుసార్లూ దోషరహితంగా నమోదైంది. అంతకన్నా ముఖ్యంగా, ఉపాధ్యాయుడు లేకపోయినా విద్యార్థుల్లో ఉన్నత ప్రమాణాలు కనబడటం పదకొండు తనిఖీల ఫలితమే తప్ప వేరే కారణం కనబడదు. కాబట్టి ఆ పాఠశాలలో ఫిజిక్స్ పోస్టు మిగులు. రద్దు చేయడమైనది. ఈ అరుదైన ప్రయోగం కలుషితం కాకుండా బయటి వ్యక్తులెవరినీ తరగతిలోకి అనుమతించరాదు. మిగిలిన పాఠశాలల్లోనూ ఇదే ప్రమాణం సాధించేందుకు, అక్కడి ఫిజిక్స్ ఉపాధ్యాయులను తక్షణం తనిఖీ అధికారులుగా వినియోగించుకోవాలి.

మర్నాడు గేటు దగ్గర దాలయ్య దుర్గారావు గారికి అడ్డం నిలబడ్డాడు.

“నానేటి సెయ్యను బాబూ, కాయితం వొచ్చీసింది.”

“మరేనండి,” అన్నారాయన. “లెన్సులు సగంలో ఆగాయండి. ఒక్క రెండ్రోజులైతే అయిపోయేవండి.”

దాలయ్య గేటు తీయలేదు, వేయలేదు. పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి దుర్గారావు గారే దాన్ని మెల్లగా దగ్గరకు లాగి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమే సూర్యకాంతమ్మ గారు కనకరత్నం గారి ఆఫీసుకు బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్లాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఆవిడది. మెమో అయినా సస్పెన్షన్ అయినా సరే, నిజం చెప్పేస్తానని ఆటోలో అన్నారు. చెప్పారు కూడా.

“సార్, మేం అబద్ధం ఆడాం. మాస్టారు ఉన్నారు. ఆ రోజు వంటగదిలో గుడ్లొలిచినాయనే. పిల్లలకి నేర్పింది ఆయనే.”

కనకరత్నం గారు కోప్పడలేదు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు తెప్పించారు.

“మేడం, లేరని పదకొండుమంది అధికారులు రాశారు. నేను స్వయంగా చూశాను. నలభై రెండుమంది పిల్లలు సాక్ష్యం చెప్పారు. ఉన్నారని మీరొక్కరే అంటున్నారు. నన్ను ఏది నమ్మమంటారు?”

వచ్చేటప్పుడు ఆయన మా ఇద్దరికీ నివేదిక ప్రతులు సంతకం చేసి ఇచ్చారు.

ఫిబ్రవరి రెండో సోమవారం కొత్త తనిఖీ అధికారి వచ్చారు. పేరు ఆశాజ్యోతి. తగరపువలస దగ్గర బడిలో మొన్నటిదాకా ఫిజిక్స్ చెప్పిన టీచరు. ట్యాబ్ పట్టుకుని పదో తరగతిలోకి వెళ్లారు. ఫోటోలు ఎక్కకపోతే సాయం చేయమని హెడ్మిస్ట్రెస్ గారు నన్ను వెంట పంపారు.

“మేడం, మీరు ఫిజిక్స్ టీచరంట కదా,” అంది గజాలా. “కుంభాకార కటకం నాభికీ కేంద్రానికీ మజ్జన వస్తువు పెడితే ప్రతిబింబం ఎటేపు వస్తాదండీ? పరీక్ష దగ్గరికొచ్చీసింది.”

ఆశాజ్యోతి గారు ఒక క్షణం తటపటాయించి ట్యాబ్ బల్లమీద పెట్టారు. సుద్దముక్క తీసుకుని బోర్డుమీద కటకం గీశారు. అక్షం గీశారు. వస్తువు పెట్టి మొదటి కిరణం లాగారు. పిల్లలు నోట్సులు తెరిచారు. ఆవిడ చెయ్యి పరుగెడుతోంది. చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చిన మనిషిలా ఉన్నారావిడ.

ట్యాబ్ కూతపెట్టింది. బోధన జరగని తరగతి గది ఫోటో అప్‌లోడ్ చేయడానికి రెండు నిమిషాలే మిగిలాయని చెప్పింది.

ఆశాజ్యోతి గారు డస్టర్ తీసుకుని బోర్డు శుభ్రంగా తుడిచారు. పిల్లల్ని చేతులు కట్టుకోమని, నన్ను కొంచెం పక్కకు జరగమని చెప్పి ఫోటో తీశారు.