కల్వర్టు మీద కూర్చున్న నవలాకారుడు

ఆ శనివారం పొద్దున ప్రొద్దుటూరు దేవపాలు అయ్యవారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మైలవరం దారిలో బస్సు దిగాలి, కల్వర్టు దగ్గర ఒక మనిషిని చంపడానికి అనువైన చోటు చూసుకోవాలి, రిజర్వాయరు దగ్గర చేపలు కొనుక్కుని మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరాలి. చేపల సంగతి భార్య అరుణకుమారి చెప్పింది. హత్య సంగతి బెజవాడ పబ్లిషరు చెప్పాడు.

దేవపాలు బడిలో సోషల్ చెబుతాడు, తీరికవేళల్లో డిటెక్టివ్ నవలలు రాస్తాడు. భక్తిపరుడు. ఏ పాత్రనైనా చంపే ముందు మోకరించి ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే కలం పడతాడు. కానీ పోయిన నవలలో హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయిందని పాఠకులు మొత్తుకున్నారు. ఈసారీ అంతే అయితే ఇక రాయవద్దని పబ్లిషరు కార్డు ముక్క పంపాడు. రాయడం మానేస్తే దేవపాలుకు అన్నం సయించదు.

"ఇంట్లో కూసోని చంపితే ఎవురు నమ్ముతారు? పోయి చూసి రావల్ల," అన్నాడు భార్యతో.

"చంపుకోండి గానీ, చేపలు మర్చిపోయి రావద్దండి," అంది అరుణకుమారి.

కల్వర్టు పక్కనే సైదాబీ టీ అంగడి. రోజూ ఆ దారిన పోయేది ఆ వైపు పార్టీ నాయకుడు సుంకిరెడ్డి. అవి ఫ్యాక్షన్ రోజులు. సుంకిరెడ్డి బయలుదేరితే ఒకే రంగు జీపులు మూడు కదులుతాయి. తాను దేంట్లో కూర్చునేదీ ఆయన ఎక్కే ముందుగానీ చెప్పడు. ఈ ముచ్చట వినే దేవపాలు అంత దూరం వచ్చాడు. గొడుగుతో రోడ్డు కొలిచాడు. కల్వర్టు కింద దూరి, పైకి కనబడతానో లేదో చూసుకున్నాడు. కాసేపు దానిమీద కూర్చుని ఆలోచించాడు. చివరికి టీ తాగుతూ మర్యాదగా అడిగాడు.

"అమ్మా, రెడ్డిగారు శానామట్టుకు ఏ జీపులో కూసుంటాడు?"

సైదాబీ గ్లాసు కడగాలని లోపలికి పోయి, వెనక తలుపు గుండా ఊళ్లోకి కబురు పంపింది.

కబురు ఊరు చేరేసరికి గొడుగు తుపాకీ అయింది. సుంకిరెడ్డి ఇల్లు కదలలేదు. ఆయన కదలలేదంటే తమ మీదికి జనాన్ని కూడగడుతున్నాడని పక్క ఊళ్లోని అవతలి పార్టీవాళ్లు తలుపులు వేసుకున్నారు. వాళ్లు తలుపులు వేశారని అంగళ్లు మూతపడ్డాయి. అంగళ్లు మూశారని జమ్మలమడుగు బస్సులు ఆపేశారు. బస్సులు ఆగాయని పోలీసు వ్యాను వచ్చింది. ఎన్నికల తర్వాత మగవాళ్లంతా ఇంటిపట్టున కూర్చుని వేడి అన్నం తిన్నది ఆ పూటేనని రెండు ఊళ్ల ఆడవాళ్లూ చెప్పుకున్నారు. భయం చేయగలిగిన ఆ మేలు ప్రేమ ఎందుకు చేయలేకపోయిందో దేవుడికే తెలియాలి.

బస్సు కోసం నిలబడి విసిగిన దేవపాలు, ఏం జరిగిందని ఒక ముసలాయనను అడిగాడు. రెడ్డిని చంపడానికి దారి చూసుకునేందుకు ఎవడో వచ్చాడని ఆయన చెప్పాడు. దేవపాలుకు ప్రాణం లేచివచ్చింది. రాసేవాడికి నిజమైన కేసు కళ్లముందుకు రావడమంటే మాటలా? మనిషి ఎలా ఉంటాడని గుచ్చిగుచ్చి అడిగాడు. పొట్టివాడనీ, కళ్లద్దాలున్నాయనీ, నల్ల గొడుగు పట్టుకుని పొద్దున బస్సు దిగాడనీ తెలిసింది.

"అట్లయితే వాడు ఈ చుట్టుపక్కలే ఉంటాడు మామా, బస్సులు లేవు గదా," అని తేల్చాడు దేవపాలు.

ముసలాయన అతని కళ్లద్దాల వైపూ గొడుగు వైపూ చూశాడు. "అవునప్పా, నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు.

కాసేపటికే సుంకిరెడ్డి డ్రైవరు రహమాన్ వచ్చి, దేవపాలును తీసుకుపోయి రెడ్డి ముందు నిలబెట్టాడు. రెడ్డి పక్కన ఆయన బావమరిది నిలబడి ఉన్నాడు. పార్టీ పనులన్నీ అతని చేతుల మీదుగానే జరుగుతాయి. ఇన్నాళ్లూ పాత్రల కోసం చేసిన ప్రార్థనను దేవపాలు ఈసారి తనకోసం చేసుకున్నాడు.

"ఎవురు పంపినారప్పా నిన్ను?" అన్నాడు సుంకిరెడ్డి.

"బెజవాడ పబ్లిషరు సార్. నవల కోసరం."

"ఏముంది ఆ నవల్లో?"

కాగితం మీద తప్ప దేవపాలుకు అబద్ధం చేతకాదు. మూడు జీపుల్లో తిరిగే పెద్దమనిషిని ఒకడు చంపిస్తాడని చెప్పాడు. ఏ జీపులో ఉన్నాడో బయటివాళ్లకు తెలియదు కాబట్టి ఆ పని ఇంటివాడిదే కావాలనీ, అవతలి పార్టీ టికెట్ ఆశ చూపి అతన్ని తిప్పుకుందనీ చెప్పి, గొంతు తగ్గించాడు.

"వాని బామ్మర్ది సార్."

పక్కనున్న బావమరిది దబ్బున రెడ్డి కాళ్ల మీద పడ్డాడు.

"నీ మీద ఒట్టు బావా. పులివెందులలో వాళ్లను కలిసింది నిజమే, చీనీకాయల రసం తాగింది నిజమే. టికెట్ ఇస్తామన్నారు. జీపు సంగతి మాత్రం నేను చెప్పల్యా."

సుంకిరెడ్డి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత దేవపాలును పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు ఒకే కంచంలో తిన్యాం. నాకే తట్టల్యా. నీకెట్ల తట్టిందప్పా?"

దేవపాలు గుండె పొంగింది. చావవలసినవాడే కనిపెట్టలేని హంతకుణ్ణి ఇక ఏ పాఠకుడు కనిపెడతాడు? సుంకిరెడ్డి బావమరిదిని పాపం కడుక్కోమని బ్రహ్మంగారిమఠానికి పంపాడు. దేవపాలును బుట్టెడు చేపలతో, వెనకా ముందూ జీపులతో ప్రొద్దుటూరు పంపాడు.

అరుణకుమారి గడపలో నిలబడి వీధంతా చూసింది. "చేపలు తేవడానికి మూడు జీపులెందుకండీ?" అంది.

నవల అచ్చయింది. బావమరిదే హంతకుడని చదవడం మొదలుపెట్టగానే తెలిసిపోయిందని అన్ని జిల్లాల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. పబ్లిషరు మళ్లీ కార్డు రాయబోయాడు గానీ, అంతలో ప్రతులన్నీ అమ్ముడుపోయాయి. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా బావమరుదులున్న ప్రతి నాయకుడూ ఒకటి కొన్నాడు.

చివరిదాకా కనిపెట్టలేకపోయామని రాసింది వాళ్లు మాత్రమే.